పాదాల మెట్ట మీది ప్రార్థన మందిరం

చెలమపాడు దాటి తూర్పు బాటన నడిస్తే ముళ్ళకంపల నడుమ ఒక ఎర్రమట్టి మెట్ట, దాని మీద సున్నం వేసిన చిన్న ప్రార్థన మందిరం కనిపిస్తాయి. దీనిని పాదాల మెట్ట అంటారు. కొత్తవారు రాతి మీద పాదముద్రలు ఉంటాయేమోనని వెతుకుతారు. అటువంటివేమీ లేవు.

పూర్వం ఇక్కడ, వానలు మొహం చాటేసిన కాలంలో, దీనమ్మ అనే విధవరాలు ఉండేది. మా నాయనమ్మకు ఆమె మేనత్త. గత్తర జబ్బుకు ఇంటిల్లిపాదీ పోయి ఆమె ఒక్కతే మిగిలింది. తననెందుకు మిగిల్చావో చెప్పమని, మెతుకు మింగుడుపడక ప్రభువును అడిగేది. ఒక వేకువన కలలో, "దీనమ్మా, నడిచి నడిచి నా కాళ్ళు దుమ్ముకొట్టుకుపోయాయి, కడుగుతావా?" అన్న స్వరం వినబడింది.

ఇక ఆమెకు కుదురు లేదు. చెలమలో ఊరిన నీటిని కడవకెత్తి, మూతపెట్టి, వాకిట్లో కాచుకు కూర్చుంది. ప్రభువు వస్తే బోధకుని రూపంలోనే వస్తాడని ఆమె నమ్మకం. ముందుగా ఒక గొర్రెలకాపరి కుంటుతూ వచ్చాడు.

"అవ్వా, కాలికి ముల్లు దిగి చీము పట్టింది. కాసిని నీళ్ళు పొయ్యి."

"ఇవి దొడ్డవారి కోసం నాయనా, నీకు కాదు" అని పంపేసింది.

కాసేపటికి ఊళ్ళో ప్రార్థన కూడిక కోసం వచ్చిన బోధకులు యాకోబయ్యగారు ఆమె వాకిట బండి దిగారు. దీనమ్మ చెంబుతో వంగింది.

"నేను నేల తొక్కితే గదమ్మా కడగడానికి! ఈ బూట్ల తాళ్ళు విప్పి కట్టేసరికి మీ కూడిక కాస్తా అయిపోతుంది" అని ఆయన నవ్వారు.

అప్పుడు ఆమెకు కలలోని మాట గుర్తొచ్చింది. దుమ్ముకాళ్ళతో వచ్చినవాణ్ని చేజేతులా పంపేసింది గదా. కడవ చంకనెత్తుకుని బాటన పడింది. అడుగడుగునా నీళ్ళు తొణికిపోతున్నాయి. అతడు అడ్డదారి పట్టి ఉంటే ఎలా? మళ్ళీ రమ్మని ఎవరిని అడగాలి? ఈ మెట్ట మీద గొర్రెల వెనుక అతడు కనబడేదాకా ఆమె ఆగలేదు.

"నేను గొర్రెలోణ్ణి అవ్వా. నువ్వనుకునే దొడ్డవాణ్ని కాను."

"ఎవరివైతేనేం. కాలు ఇటు పెట్టు."

మిగిలిన నీటితో పుండు కడిగి, కొంగు చించి కట్టింది. దర్శనమేదీ కలగలేదు. అతడు లేచి గొర్రెల వెంట పోయాడు. ఆ పూట దీనమ్మ కడుపునిండా తిన్నది. మర్నాటి నుండి బాటసారుల కోసం కడవతో ఈ మెట్ట మీదే ఉండిపోయింది. ఎందుకు మిగిల్చావని ప్రభువును మరి అడగలేదు.

ఆ చోటనే కట్టిన ఈ మందిరం ముందు నేటికీ ఎవరి కాళ్ళు వారు కడుక్కోరు. తొలి వ్యక్తికి సంఘపెద్ద కడుగుతారు. అక్కడి నుండి ప్రతివారూ తమ వెనుక వచ్చినవారి కాళ్ళు కడిగాకే లోపలికి పోవాలి. ఏ ఊరని, ఎవరి తాలూకని అడగకూడదు. ఆఖరున వచ్చినవారు చెంబు పట్టుకుని, ఇక ఎవరూ రారేమోనని బాట వంక చూస్తూ నిలబడతారు. మనసులో దిగులున్నవారు కోరి ఆఖరున వస్తారు. ఎవరో ఒక బాటసారి అటు రాకపోడు, కాళ్ళు కడిగించుకుని తన దారిన పోతాడు. ప్రభువు ఇంతవరకు ఎవరినీ నిండు చెంబుతో ఇంటికి పంపలేదు.