ఇరవై ఏడో విద్యార్థి డైరీ

ఓబులేసు పిహెచ్.డి. థీసిస్ గైడు మస్తాన్‌వలి సారు బల్ల మీదికి చేరి తొమ్మిది రోజులైంది. కావలసింది ఒక్క సంతకం. నెలాఖరులోగా ఆ సంతకం పడకపోతే ఐదేళ్ల చదువు మళ్లీ ఏడాది వెనక్కి పోతుంది.

రోజూ పొద్దున్నే వచ్చి సారు గది ముందు నిలబడేవాడు. సారు కళ్లజోడు పైనుంచి చూసి "రేపు రాప్పా" అనేవారు. పదో రోజు కూడా అదే మాట వింటాననుకుంటూనే వచ్చాడు పాపం. నాలుగు రోజుల నుంచి ముసురు. అనంతపురంలో ముసురు పడితే జనం సంతోషించాలి. ఓబులేసుకు మాత్రం ఆ తడి గోడలు చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది.

అసలు తప్పెక్కడుందో వాడికి అంతుబట్టలేదు. పనికిమాలిన థీసిస్ కాదది. బి.ఇడి. చదివే పిల్లలు బడికిపోయి పాఠం చెప్పొచ్చాక, ఎట్లా చెప్పాం, ఎక్కడ తప్పాం అని డైరీ రాసుకోవాలి. దాన్నే ఆత్మపరిశీలన డైరీ అంటారు. ముందు నోటుపుస్తకంలో రాసుకుని, తర్వాత ఫోనులో ఎక్కిస్తారు. ఓబులేసు తయారుచేసిన ప్రోగ్రాము ఆ డైరీలు చదివి, ఎవరు నిజంగా ఆలోచిస్తున్నారో, ఎవరు మొక్కుబడిగా రాస్తున్నారో నూటికిన్ని అని మార్కులు వేస్తుంది. ఒక కాలేజీ వాళ్లు ముచ్చటపడి ఏడాదిగా వాడుతున్నారు కూడా. పాత రాతనే మళ్లీ మళ్లీ ఎక్కించే పిల్లలను అది పట్టిచ్చింది. ఐదో అధ్యాయమంతా ఆ ఘనకార్యమే.

"లోపలికి రా," అన్నారు సారు. "కూర్చో."

ఈ పది రోజుల్లో కూర్చోమనడం అదే మొదలు. ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది.

"విద్యార్థి ఇరవై ఏడు. ఆ బిడ్డ పేరేంది?"

"పేర్లు తీసేశాం కద సార్. రీసెర్చిలో పేర్లు పెట్టకూడదు."

"చౌడేశ్వరి," అన్నారు సారు. సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీసి వాడి ముందుకు జరిపారు. అట్ట మీద నీటి మరకలు. "ఆ బిడ్డ పాఠం చెప్పిన బడి హెడ్‌మిస్ట్రెస్, కాలేజీలో నా అడ్రసు కనుక్కుని పోస్టులో పంపించింది. చదువు."

ఓబులేసు తెరిచాడు. గుండ్రటి అక్షరాలు. రోజుకు ఒక్క వరుసే.

*భిన్నాలు చెప్పినాను. 41 మందిలో 6 మందికి వచ్చింది.*

మర్నాడు: *భిన్నాలు చెప్పినాను. 41 మందిలో 6 మందికి వచ్చింది.*

ఆ పై రోజు: *భిన్నాలు చెప్పినాను. 41 మందిలో 9 మందికి వచ్చింది.*

వాడికి ఈ డైరీ గుర్తే. పన్నెండు రోజులూ ఒకటే రాత. ప్రోగ్రాము పదకొండు మార్కులు వేసి, కాపీ అని ఎర్ర గుర్తు పెట్టింది. కాలేజీ వాళ్లు ఆ గుర్తు చూసి ఆమెను బోధన శిక్షణలోంచి తప్పించారు.

"ఇది కాపీనే కద సార్. ఒక్క ముక్క మార్చలేదు."

"ఒక్క ముక్కా మార్చలేదా?"

ఓబులేసు మళ్లీ చూశాడు. 6. 6. 9. 13. 13. 17.

డైరీ చదివే ముందు ప్రోగ్రాము చేసే మొదటి పని అంకెలు తీసేయడం. తేదీలు, రోల్ నంబర్లు అడ్డొస్తున్నాయని రెండేళ్ల కింద తనే ప్రోగ్రాములో ఆ వరుస రాశాడు. అంకెలు పోతే మిగిలేది ఒకే వాక్యం, పన్నెండు సార్లు.

"పేజీ తిప్పు," అన్నారు సారు.

పన్నెండో రోజుకు 31. ఆ సాయంత్రమే కాలేజీ ఆమెను తీసేసింది. ఫోనులో ఎక్కించే దారి కూడా మూసేశారు. కానీ నోటుపుస్తకంలో రాత ఆగలేదు. పదమూడో రోజు 34. పద్నాలుగో రోజు 38. మార్కులు లేవు, హాజరు లేదు, అడిగేవాళ్లు లేరు. ఆ పిల్ల మాత్రం బడికి పోయి భిన్నాలు చెప్పొచ్చింది.

పదిహేనో రోజు: *భిన్నాలు చెప్పినాను. 41 మందిలో 40 మందికి వచ్చింది. రూతమ్మకు రేపు.*

ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

"రేపు ఏమైంది సార్?"

"కాలేజీ వాళ్లు బడికి లెటర్ పంపినారు. హెడ్‌మిస్ట్రెస్ గేటు దగ్గర పాపకు అది చూపించి వెనక్కి పంపించింది. పుస్తకం క్లాసులోనే ఉండిపోయింది. నెల తర్వాత తెరిచి చూసుకుని ఏడ్చిందంట ఆయమ్మ."

"ఆ అమ్మాయి ఎక్కడుంది సార్ ఇప్పుడు? పోయి కలుస్తా. కాలేజీతో మాట్లాడతా."

"నేను మాట్లాడినా. ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేసినారు. పాప బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీకి పోయిందంట. నంబరు మారింది. ఈ తొమ్మిది రోజులూ నేను చేసిన పని అదే."

సారు థీసిస్ పక్కనున్న పాత చిత్తుప్రతి తీసి ఐదో అధ్యాయం తెరిచారు. విద్యార్థి 27 అన్న చోట, అంచున పెన్సిలుతో సారు చేతిరాతే ఉంది: బాగుంది.

"మార్చిలో రాసినా ఇది," అన్నారు.

ఓబులేసుకు దుఃఖం పొంగుకొచ్చింది. తల దించుకున్నాడు. తిట్టినా బాగుండేది. సారు ఒక తెల్లకాగితం వాడి ముందు పెట్టారు.

"నీకిప్పుడు ఏమనిపిస్తోందో రాయి."

రాశాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు, నిజంగానే కళ్లలో నీళ్లు తిరుగుతుండగా రాశాడు. 'ఈ అనుభవం నా పరిశోధనా దృష్టిని మూలాల నుంచి ప్రశ్నించేలా చేసింది. ఒక మనిషి శ్రమను నేను సమాచారంగా మాత్రమే చూశానని గ్రహించాను. నా లోపం వల్ల ఒక ఉపాధ్యాయురాలిని ఆ పిల్లలు కోల్పోయారు. ఇకపై ప్రతి అడుగులోనూ...' అట్లా కాగితం నిండింది. రాశాక గుండె కాస్త తేలికైంది కూడా.

సారు చదవలేదు. కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"నీ ప్రోగ్రాములో ఎక్కించు."

"సార్..."

"ఎక్కించప్పా."

లాప్‌టాప్ తెరిచి టైపు చేశాడు. రెండుసార్లు తప్పు పడితే దిద్దుకున్నాడు. బటన్ నొక్కాక రెప్పపాటు కూడా పట్టలేదు. తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి.

*93. లోతైన ఆత్మపరిశీలన. అభినందనలు.*

ఆ అభినందనలు అన్న మాట కూడా తను పెట్టిందే. పిల్లలు సంతోషపడతారని పెట్టాడు. ఓబులేసుకు లాప్‌టాప్ మూసేయాలనిపించింది, చెయ్యి రాలేదు. బయట ముసురు అట్లాగే పడుతోంది. వరండాలో ఎవరో గొడుగు విదిలించుకుంటున్నారు.

సారు తెర వైపు వంగి చూశారు.

"ఆ పిల్లకు పదకొండు. నీకు తొంభై మూడు."

జేబులోంచి పెన్ను తీశారు. థీసిస్ తిప్పి, ఓబులేసు వైపుకు పెట్టారు. ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"సంతకం ఎక్కడ చేయాల్నో చూపించు. చేస్తా."

ఆ పేజీ ఓబులేసుకు కళ్లు మూసుకున్నా కనబడుతుంది. అట్ట తీయగానే మూడోది. కింద వాడి పేరు, దాని పక్కన సారు పేరు, పైన చుక్కల గీత.

అట్ట తీశాడు. మూడో పేజీ వచ్చింది. దాన్ని తిప్పేశాడు. ఇంకోటి తిప్పాడు. ఒక్కొక్క పేజీనే తిప్పుకుంటూ పోయి నూట నలభై ఎనిమిదో పేజీ దగ్గర ఆగాడు. అక్కడ మార్కుల పట్టిక. ఇరవై ఏడో వరుసలో పదకొండు.

సారు పెన్ను మూత తీసి పట్టుకునే ఉన్నారు.