పెద్దన్న దాకలి, నడిపన్న సమ్మెట

అనగా అనగా, ఎర్రమన్ను కొండల నడుమ ఒక రాజు. పేరు రణకేసరి. ఆయనకి ముగ్గురు కొడుకులు: కీర్తిసేనుడు, కాంతిసేనుడు, శాంతసేనుడు. రాజు కొడుకులంటే పట్టుపరుపుల మీద దొర్లుతుంటారనుకుంటున్నారేమో, అదేం లేదు! ఆ వంశంలో ఒక ఆనవాయితీ ఉంది. నడుముకి కట్టుకునే కత్తి ఎవరిది వాళ్ళే తయారుచేసుకోవాలి. అందుకని ముగ్గురూ పొద్దున్నే ఓబులమ్మ కొలిమికి పోయి, సాయంత్రానికి ముఖాలనిండా మసితో ఇంటికొచ్చేవాళ్ళు.

ఓబులమ్మ ఆ ఊరి కమ్మరి. పళ్ళన్నీ ఊడిపోయాయి గానీ నోటి పెత్తనం మాత్రం తగ్గలేదు. "కోటలో నువ్వు రాకుమారుడివి నాయనా. ఇక్కడ నా తిత్తి ఊదేవాడివి, అంతే" అనేది. రోజూ మూడే మాటలు చెప్పేది. ఇనుము కరిగించే మట్టి మూస చల్లారేదాకా ముట్టుకోవద్దు. ఎండలో ఇనుము రంగు నమ్మొద్దు. సగం దెబ్బ కొట్టొద్దు. ఆ మాటలకి పెద్దవాడు నవ్వేవాడు, నడిపివాడు తల ఊపేవాడు, చిన్నవాడు వినేవాడు.

చిన్నవాడికి అన్నలంటే ప్రాణం. పెద్దన్న పట్టకారుతో ఎర్రటి ఇనుము పట్టుకుని "కొట్టు తమ్ముడూ!" అంటే చాలు, వాడి చేతికి ఎక్కడలేని బలం వచ్చేది. నడిపన్న పక్కనే నిలబడి "ఇంకోటి!" అనేవాడు. ముగ్గురి రోజులూ అలా గడిచేవి.

ఆ కోటలో ముత్తాతల నాటి కత్తి ఒకటుంది. పేరు అలలమ్మ. గాలికి కదిలే నీళ్ళలాగా దాని ఒంటినిండా సన్నటి అలలు. అలలమ్మని చేత పట్టనిదే ఆ రాజ్యంలో ఎవరికీ పట్టాభిషేకం లేదు. అంత గొప్ప కత్తి అది.

ఒకరోజు సభకి భస్మాంగుడనే మాంత్రికుడు వచ్చాడు. "ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను" అని అలలమ్మని చేతిలోకి తీసుకుని, గుప్పిట్లో మైనంలా కరిగించేశాడు, పాపిష్టివాడు! సభంతా కొయ్యబారిపోయింది. వాడు పకపకా నవ్వి, "ఏడు సముద్రాల అవతల నా దీవిలో కత్తుల పోటీ పెడుతున్నాను. అలలమ్మని మళ్ళీ చేసి నన్ను ఓడించినవాడికి ఏది కోరితే అది ఇస్తాను. ఓడినవాడు మాత్రం నా కొలిమిలో పనిముట్టై పడుండాలి" అని మాయమైపోయాడు.

పెద్దవాడు కీర్తిసేనుడు ఓడెక్కి వెళ్ళాడు. ఏడాదైనా తిరిగి రాలేదు. నడిపివాడు కాంతిసేనుడు వెళ్ళాడు. వాడూ రాలేదు. రాజు మంచం పట్టాడు. అప్పుడు శాంతసేనుడు తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని, "నాన్నగారూ, నేను వెళ్తాను" అన్నాడు.

"ఉన్న ఒక్కడివీ వెళ్ళిపోతే నా గతేం కావాలిరా?"

"అలలమ్మ లేకపోయినా నేను బతుకుతాను నాన్నగారూ. అన్నలు లేకుండా బతకలేను."

రాజు కొడుకు తల నిమిరాడు. ఓబులమ్మ ఒక సంచీలో ఇనుప ముక్కలు, తంగేడు చెక్క, జిల్లేడు ఆకులు, బంకమన్ను, ఊక సర్దిపెట్టి, తన పాత పట్టకారు చేతికిచ్చింది. "మూడు మాటలూ గుర్తున్నాయా?" అని అడిగింది. "ఉన్నాయమ్మా" అన్నాడు. "అవి ఉంటే చాలు, పో" అని ముఖం అటు తిప్పుకుంది. ఏడుస్తోందని తెలియకూడదుగా మరి!

సముద్రం ఒడ్డున ఏనుగంత పక్షి ఒకటి కూలబడి మూలుగుతోంది. అది గండభేరుండం. రెక్కలో ఎప్పటిదో బాణపు ములికి దిగబడిపోయింది. శాంతసేనుడు పట్టకారుతో దాన్ని మెల్లిగా పట్టుకుని, ఒక్క లాగు లాగాడు. పక్షి "అమ్మో!" అని అరిచి, తర్వాత "అమ్మయ్య!" అంది. "ఎక్కడికి నాయనా నీ ప్రయాణం?" అని అడిగి, సంగతి విని, వాణ్ణి వీపు మీద ఎక్కించుకుంది.

ఏడు సముద్రాలూ దాటారు. ఒక సముద్రం పాలలాగా తెల్లగా ఉంది. ఒక సముద్రానికి వానకి తడిసిన మట్టి వాసన ఉంది. ఒక సముద్రంలో అలలు లేచి పడుతున్నాయి గానీ చప్పుడన్నదే లేదు. వాటి మీదుగా పోతుంటే వాడికి నిద్రా కాదు, మెలకువా కాదు, జోలపాట వింటున్నట్టుంది. ఏడో సముద్రం దాటేసరికి కళ్ళు జిగేలుమన్నాయి.

అది పొద్దుగుంకని దీవి. అక్కడ సూర్యుడు నడినెత్తిన మేకు కొట్టినట్టు నిలబడిపోయాడు. సాయంత్రం లేదు, రాత్రి లేదు, చెట్టుకింద చారెడు నీడ లేదు. ఒక దానిమ్మ చెట్టుని చూపించి భస్మాంగుడు అన్నాడు: "ఈ పువ్వు కాయై, పండై రాలేలోగా కత్తి తయారు కావాలి. నేనూ ఒకటి చేస్తాను."

కొలిమి దగ్గర తిత్తి ఊదుతూ ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు సౌగంధి. కొంగలదీవి రాజు కూతురు. మాంత్రికుడు ఎత్తుకొచ్చి చాకిరీ చేయిస్తున్నాడు. ఆమె శాంతసేనుణ్ణి ఎగాదిగా చూసి, "నువ్వు మూడోవాడివా? మీ ఇంట్లో ఇంకా ఎంతమంది ఉన్నారయ్యా?" అంది.

"నేనే ఆఖరు. మా అన్నలెక్కడ?"

సౌగంధి ముఖంలో నవ్వు పోయింది. "మీ పెద్దన్నగారు తొందరపడి మూసని వేడిమీదే పగలగొట్టారు. లోపలి ఉక్కు పటుక్కున విరిగింది. నడిపన్నగారు ఓపిక పట్టారు గానీ, ఈ ఎండలో ఇనుము రంగు పోల్చుకోలేక ఎక్కువ కాల్చేశారు. కొట్టబోతే పొడిపొడిగా రాలింది. ఇదిగో ఈ దాకలి మీ పెద్దన్న. ఈ సమ్మెట మీ నడిపన్న" అంది.

కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ ఒకన్న. కొట్టే బరువు సుత్తి ఇంకొకన్న. శాంతసేనుడు ఆ దాకలిని కావలించుకుని భోరుమన్నాడు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచాడు. బంకమన్నులో ఊక కలిపి మూస చేశాడు. అందులో ఇనుప ముక్కలు, తంగేడు చెక్క, జిల్లేడు ఆకులు పెట్టి మూతి మూసి నిప్పుల్లో దించాడు. సౌగంధి తిత్తి ఊదింది. మూస ఎర్రబడింది, తెల్లబడింది. నిప్పుల్లోంచి బయటికి తీశాక ఇక ముట్టుకోలేదు. దానిమ్మ పిందె పడింది, కాయ పెరిగింది. "ఇంకెప్పుడయ్యా?" అంది సౌగంధి. "చల్లారనీ" అన్నాడు. చల్లారాక పగలగొడితే గుండ్రటి ఉక్కు ముద్ద బయటపడింది.

దాన్ని మళ్ళీ కాల్చాలి. పండు మిరపకాయ రంగు రాగానే తీయాలి, దాటితే చెడుతుంది. ఆ ఎండలో రంగెక్కడ తెలుస్తుంది? శాంతసేనుడు పైకి చూసి, "గండభేరుండమా, కాస్త నీడ పడతావా?" అన్నాడు. పక్షి దిగి రెండు రెక్కలూ కొలిమి మీద చాచింది. ఎన్నేళ్ళ తర్వాతో ఆ దీవిలో జానెడు చీకటి పడింది. ఇనుము అసలు రంగు కనబడింది. "తొందరగా కానీ నాయనా, వీపు మాడిపోతోంది!" అంది పక్షి.

ఎర్రటి ఉక్కుని పెద్దన్న మీద పెట్టాడు. నడిపన్నని చేతిలోకి తీసుకున్నాడు. ఎత్తాడు గానీ, దించడానికి చెయ్యి రాలేదు. ఎలా కొడతాడు చెప్పండి, అన్నని తీసుకుని అన్న మీద? మెల్లిగా తాకించాడు. టక్కుమంది, అంతే. ఉక్కు సాగలేదు. మళ్ళీ మెల్లిగా కొట్టాడు. సాగలేదు. దానిమ్మ పండు ఎర్రబడింది. దూరంగా కూర్చున్న భస్మాంగుడు కిసకిస నవ్వాడు. వాడు మంత్రాలతో కత్తులు చేసేవాడు గానీ, ఒక్కనాడూ సుత్తి పట్టిన పాపాన పోలేదు.

సగం దెబ్బ కొట్టొద్దన్న ఓబులమ్మ మాట గుర్తొచ్చింది. శాంతసేనుడు కళ్ళు గట్టిగా మూసుకుని, "అన్నా, నన్ను క్షమించు" అని బలమంతా పెట్టి ఒక్కటి వేశాడు. దాకలి ఖంగుమని మోగింది. ఆ మోతలోంచి వచ్చింది మాట:

"కొట్టు తమ్ముడూ!"

శాంతసేనుడు అదిరిపడ్డాడు. ఇంకోటి కొట్టాడు. ఈసారి సమ్మెట, "ఇంకోటి!" అంది. ఇన్నాళ్ళుగా నోరు కట్టేసిన అన్నలు! గట్టి దెబ్బ పడితే తప్ప వాళ్ళకి మాట రాదు. ఇక ఆగుతాడా? కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉన్నాడు, కొడుతూనే ఉన్నాడు. "కొట్టు తమ్ముడూ!" "ఇంకోటి!" "కొట్టు తమ్ముడూ!" "ఇంకోటి!" ఉక్కు సాగింది. కత్తి అయింది. నువ్వుల నూనెలో ముంచి, సానబట్టి, నిమ్మరసం రుద్దాడు. మెల్లమెల్లగా ఒంటినిండా అలలు లేచాయి. అప్పుడు దానిమ్మ పండు రాలింది.

భస్మాంగుడు ముఖం మాడ్చుకుని తన కత్తి తెచ్చాడు. మొదటి పరీక్షలో కత్తి అంచు మీదికి పట్టుగుడ్డ జారవిడిచారు. రెండు కత్తులూ కోశాయి. రెండో పరీక్షలో కత్తి మొన పిడిని తాకేలా వంచారు. రెండూ వంగి మళ్ళీ నిటారయ్యాయి. అప్పుడు మాంత్రికుడు, "మూడోది నువ్వే చెప్పు. నా దీవిలో ఏ ఇనుమైనా చూపించు, కోసిపారేస్తాను!" అని మీసం దువ్వాడు.

వాడి తల మీద తలుపు లేని ఇనుప పంజరం వేలాడుతోంది. అందులో ఒక చిలక. దానికి తుమ్మొస్తే మాంత్రికుడికి జలుబు చేస్తుందని సౌగంధి అప్పటికే చెవిలో వేసింది. వాడి ప్రాణం ఎక్కడుందో అర్థమైందిగా!

"అయితే ఆ పంజరం కొయ్యండి" అన్నాడు శాంతసేనుడు.

మాంత్రికుడి ముఖం పాలిపోయింది. "అదా... అది మాత్రం వద్దు."

"మీరు కోయకపోతే ఓడినట్టే. నేను కోస్తాను చూడండి" అని కత్తితో ఒక్క వేటు వేశాడు. ఊచలు కాడల్లా తెగిపడ్డాయి. ప్రపంచంలో ఆ పంజరాన్ని కోయగల కత్తి అలలమ్మ ఒక్కటే. అందుకేగా వాడు దాన్ని కరిగించింది! చిలక బయటికొచ్చి, ఒళ్ళు విదుల్చుకుని, "హమ్మయ్య, ఎన్నేళ్ళకి!" అంటూ ఎగిరిపోయింది. అది ఎంత దూరం పోతే భస్మాంగుడు అంత పలచబడి, చివరికి పొగలా తేలి పోయాడు. ఆ దీవిలో సూర్యుడు మళ్ళీ పడమటికి కదిలాడు. చల్లగాలి వీచింది.

దాకలి ఉన్న చోట పెద్దన్న, సమ్మెట ఉన్న చోట నడిపన్న లేచి నిలబడ్డారు. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. పెద్దన్న వీపు సవరించుకుని, "అలలమ్మ ఎవరి చేతిలో పుట్టిందో రాజ్యం వాడిదే తమ్ముడూ" అన్నాడు. సౌగంధిని వాళ్ళ నాన్న దగ్గరికి తీసుకెళ్ళి, శాంతసేనుడికి పిల్లనివ్వమని అడిగితే, ఆయన ఆ అమ్మాయి వంక చూశాడు, ఆ అమ్మాయి శాంతసేనుడి వంక చూసింది. ఇంటికొచ్చిన ముగ్గురు కొడుకుల్నీ చూడగానే రణకేసరి మంచం దిగాడు. పెళ్ళి ఐదు రోజులు జరిగింది. గండభేరుండానికి వేరే పందిరి వేశారు. ఓబులమ్మ కొత్త కత్తిని అటూ ఇటూ తిప్పి, "ఫరవాలేదు" అంది. ఆమె జన్మలో ఎవరినీ అంతకంటే మెచ్చుకోలేదు.

శాంతసేనుడు అరవై ఏళ్ళు రాజ్యం చేశాడు. ఆకాశం మబ్బు పట్టినప్పుడల్లా పెద్దన్నకి వీపు నొప్పి చేసేది. అప్పుడు ఎంత రాజైనా, శాంతసేనుడు సభ మధ్యలోంచి లేచిపోయి, గోరువెచ్చటి నూనె గిన్నె పట్టుకుని తనే వెళ్ళి అన్న వీపుకి రాసేవాడు.

"అంత గట్టిగా కొట్టావేమిరా?" అనేవాడు పెద్దన్న ప్రతిసారీ.

"నీ గొంతు వినబడాలి కదన్నా" అనేవాడు రాజు.