పదీ ఒకే చోట

ఒక సంస్థానంలో గురి పందేలకు చవకగా పిస్తోలు గుండ్లు కావలసి వచ్చాయి. సీసం పోతపోసే ఈరమ్మ తన గుండ్లు తెచ్చింది. రాజుగారి ఎదుట దళపతి రణభూపతి తన పిస్తోలుతో పది పేల్చి చూశాడు. ఒక్కటీ నడిమి చుక్కకు తగల్లేదు.

"చవక సరుకు! పారెయ్యండి," అన్నాడు భటులతో.

ఈరమ్మ గురి పలక దాకా వెళ్లి చూసొచ్చింది.

"దొరా, పదీ చుక్కకు జానెడు ఎడమగా, ఒకేచోట పడ్డాయి. గుండ్లు చెడ్డవైతే తలో దిక్కుకీ పోవా? జానెడు కుడికి గురిపెట్టి చూడండి."

రాజుగారే ఆ పిస్తోలు అందుకుని అలా పేల్చారు. గుండు చుక్కలో దిగింది.



"ఈ వంకర పిస్తోలుతో చూసి, ఇన్నేళ్లూ ఎందరి సరుకు పారేయించానో!" అన్నాడు దళపతి.