చెంగమ్మ కానుగ

ఈ కత నాకు మొదట చెప్పింది మా మేనత్త ఓబులమ్మ. ఆమె చెప్పినట్టే చెబుతాను, నడుమ కదలకుండా వినండి.

ఒకప్పుడు కానుగ చెట్టంత బద్ధకం ఏ చెట్టుకూ లేదు. వేళ్లు మట్టి పైపైనే పరుచుకునేది. తెల్లారితే "నీళ్లు, నీళ్లు" అనేది. ఎండలు ముదిరేసరికి ఆకులు రాల్చి మోడై నిలబడేది.

కుమ్మరి చెంగమ్మ పెరట్లో అలాంటి కానుగ ఒకటుంది. పచ్చికుండలు నీడన ఆరాలి. ఎండ తగిలితే బీటలిస్తాయి. ఆ వేసవి సగానికి సగం పగిలాయి. ఇంకో వేసవి ఇలాగే అయితే ఆమె సారె తిప్పడం మానుకోవాల్సిందే.

సూర్యుడు నవ్వాడు. "ఏం చెంగమ్మా, ఆ పుల్లల కిందేనా ఆరబెట్టేది?"

"నవ్వు నాయనా. నీకేం, పైన కూర్చున్నావు."

చెంగమ్మ ఒక చిల్లికుండ తీసుకుంది. చెట్టుకి ఎడంగా, మోకాటి లోతున పాతిపెట్టి నీళ్లు నింపింది.

"అవ్వా, నీళ్లేవీ?" అంది కానుగ.

"కింద ఉన్నాయి. పోయి తాగు."

"నా మొదట్లో పొయ్యొచ్చు కదా."

"పోస్తే అక్కడే పడుకుంటావు."

కానుగ మూడు రోజులు అలిగింది. నాలుగో రోజు దప్పికకు ఆగలేక ఒక వేరుని కిందికి పంపింది. చెమ్మ తగిలింది.

మరుసటి నెల చెంగమ్మ ఇంకో కుండని నడుం లోతున పాతింది.

"నన్ను పాతాళానికి తోలుతున్నావా అవ్వా?"

"అక్కడ ఎండ లేదులే, పో."

అంతలో బావి ఎండిపోయింది. కుండలో పొయ్యడానికి చుక్క లేదు. అయినా వేరు అలవాటుకొద్దీ కిందికే పోయింది. అడుగున నేలతల్లి పలికింది: "ఇన్నాళ్లకి వచ్చావా పిల్లా? చల్లటి నీళ్లు పెట్టుకుని కూర్చున్నాను, అడిగినవాళ్లు లేరు."

కడుపునిండా తాగి కానుగ అడిగింది: "అవ్వా, కుండలు ఎప్పుడు ఆరబెడతావు?"

"శివరాత్రి దాటాక. ఎండల్లోనే కదా కుండలు కావాలి అందరికీ."

"అయితే పాత ఆకులు ముందే రాల్చేసి, ఎండల నాటికి కొత్తవి వేస్తాను."

చైత్రంలో సూర్యుడు తొంగిచూస్తే కొత్తాకులు తప్ప కుండ కనపడలేదు. కుండల కింద మెత్తగా ఉండాలని కానుగ పూలు కూడా పరిచింది. ఆ ఏడు ఒక్క కుండా పగల్లేదు.

అప్పటినుంచే కానుగ వేరు లోతుకు పోతుంది. ఎండలకు ముందే చిగురేసి, నడివేసవిలో నిండు నీడనిస్తుంది, కింద పూలు పరుస్తుంది.

మా బడి తోటలో కానుగకి రేకు పలక కట్టి, దాన్ని వానదేవుడు పెంచాడని రాశారు. రాయించింది మా ఊరి బుడ్డన్న. వాడు ఈ కత విన్నది నా దగ్గరే, నేను మరిచిపోలేదు. ఎవరైనా వానదేవుణ్ణి కొట్టేసి చెంగమ్మ పేరు రాయండి. నేను కూడబలుక్కుని చదివేటంత పెద్ద అక్షరాలతో.