అడుగు మూసిన గాదె

కంచంలో మెతుకులు వదిలినవాళ్లు ముందు వెళ్లి అవి తిని రండి. నేను ఆగుతాను. ఇది ఖాళీ కంచాల ముందు చెప్పాల్సిన కథ.

తిన్నారా? అయితే వినండి.

అనగనగా కొండల నడుమ ఒక అడవిలో పైడయ్య అని ఒక ఎలుగుబంటి ఉండేవాడు. భార్య గవరమ్మ. వాళ్లకి ఇద్దరు పిల్లలు. పైడయ్య పని కొండచరియలెక్కి తేనె తీయడం. తేనెటీగలు ముక్కు మీద కుట్టేవి, కనురెప్పల మీద కుట్టేవి. నెలంతా అలా కుట్టించుకుంటే పది సొరబుర్రల తేనె వచ్చేది. పదకొండో బుర్ర ఏ నెలా నిండలేదు.

నెలకోసారి, అమావాస్య నాడు, వాగు అవతల సంత జరిగేది. అక్కడ ఒక బుర్ర తేనెకి ఒక కుంచం కొర్ర బియ్యం ఇచ్చేవారు. గవరమ్మకి చదువు రాదు. అందుకని సంతకి ముందు ఒక తీగకి ముడులు వేసి మొగుడి చేతికిచ్చేది. కొర్ర బియ్యానికి ఆరు ముడులు. పప్పుకి ఒకటి. ఉప్పుకీ చింతపండుకీ కలిపి ఒకటి. పైడయ్య ఒక్కో సరుకు కొని ఒక్కో ముడి విప్పేవాడు. ముడులు అయిపోతే ఇంటిదారి పట్టేవాడు.

మిగిలిన రెండు బుర్రలు ఇంటి వెనక బండ కింద దాచేవారు. ఎందుకంటే ఏటా ముసురు నెల ఒకటి వస్తుంది. ఆ నెల వాగు పొంగుతుంది. సంత ఉండదు. తేనె ఉండదు. మూడు నెలలు రెండేసి దాస్తే ఆరు బుర్రలు. ముసురుకి ముందు సంతలో అవిచ్చి ఆరు కుంచాలు కొంటే ఆ నెల గడిచిపోతుంది. గవరమ్మ వేసిన లెక్క అది. ఏ పంతులూ ఆమెకి నేర్పలేదు. ఒక ముసురులో ఆకలితో పడుకుని నేర్చుకుంది.

అయితే ఆ అడవిలో ఒక పాడు అలవాటు ఉండేది. చుట్టం ఇంటికొస్తే ముందు ఇంట్లోవాళ్ల మొహం చూడడు. గాదెలోకి తొంగి చూస్తాడు. గింజ అంచు దాకా ఉంటే గొప్ప ఇల్లు. లోపలి గోడ కనిపిస్తే పేద ఇల్లు. కడుపు నిండిందా లేదా అని అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఒకనాడు గవరమ్మ అన్న సింహాద్రి చెల్లెల్ని చూడ్డానికి వచ్చాడు. కాళ్లు కూడా కడుక్కోకుండా గాదెలోకి తల పెట్టాడు.

"ఏం బావా, గాదె అడుగు నన్ను చూసి పళ్లికిలిస్తోంది," అన్నాడు.

"నెలాఖరు కదా బావా," అన్నాడు పైడయ్య.

"మా కొండ మీద కోతులకి కూడా నెలాఖరు ఉండదు. మా చెల్లెల్ని ఇంత మంచి ఇంట్లో ఇచ్చామన్నమాట."

గవరమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది, "అన్నయ్యా, ఆ మంచి ఇంట్లోనే నీకు రెండు ముద్దలు వడ్డిస్తున్నాను. వచ్చి తిను."

సింహాద్రి తిన్నాడు, వెళ్లాడు. వాడి మాట మాత్రం పైడయ్య చెవిలో ఉండిపోయింది.

తర్వాతి సంతలో పైడయ్య ఎనిమిది ముడులూ విప్పి తిరిగి వస్తున్నాడు. దారిలో నరసింగు అనే నక్క దుకాణం.

"బావా, అప్పుడే వెళ్లిపోతున్నావా? రెండు బుర్రలకి మూడు కుంచాలు. మూడోది ఊరికే. ఇవాళ ఒక్కరోజే."

ఆ ఇవాళ ఒక్కరోజు ప్రతి సంతలోనూ ఉండేది. నరసింగు ఆ సంగతి చెప్పలేదు. ఊరికే ఇచ్చే కుంచం పోయిన ఏటిది, చెమ్మ తగిలింది, వెంటనే వండుకోవాలి తప్ప నిలవ పెట్టకూడదు. ఆ సంగతీ చెప్పలేదు. అమ్మేవాడు చెప్పడు. కొనేవాడు అడగాలి. పైడయ్య అడగలేదు. పరుగున ఇంటికొచ్చి, బండ కిందకి పోవాల్సిన రెండు బుర్రలు తీసుకెళ్లి నక్క చేతిలో పెట్టాడు.

"తీగకి ఎనిమిది ముడులే వేశాను కదయ్యా," అంది గవరమ్మ, మూట చూసి.

"మూడోది ఊరికే వచ్చిందే."

"మనకి అక్కర్లేనిది ఊరికే ఎలా అవుతుంది?"

పైడయ్య వినలేదు. పైగా ఇంకో పని చేశాడు. ఇది బాగా వినండి. ప్రతి గాదెకీ అడుగున పిడికిలి పట్టేంత కన్నం ఉంటుంది. దానికి చెక్క బిరడా. పైనుంచి కొత్త గింజ పోస్తాం, కిందనుంచి పాత గింజ తీసుకుంటాం. పాతది ముందు కడుపులోకి పోతుంది, ఏదీ చెడదు. పెద్దవాళ్లు అంత తెలివిగా కట్టిపెట్టారు. కానీ అడుగు గింజ కదిలితే పైన నిండుగా పోసింది గుంటపడుతుంది, అది చూడ్డానికి బాగుండదు. అందుకని పైడయ్య ఆ కన్నాన్ని బంకమట్టితో మూసేశాడు. ఇకనుంచి పైనుంచి పోయడం, పైనుంచే తీయడం. అడుగున ఉన్నది అడుగునే.

రెండో నెల సంతలోనూ అదే కథ. మళ్లీ మూడు కుంచాలు, బండ కింద మళ్లీ సున్నా.

ఆ వారంలోనే కుందేలు రావులమ్మ వచ్చింది. ఆమె మొగుడి కాలు ఉచ్చులో పడి విరిగింది. నలుగురు పిల్లలు. ఆమె గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అన్నా, నీ గాదె అడుగున పాత గింజ ఉందటగా. ఒక్క కుంచం ఇప్పించు. వచ్చే సంతకి కొత్తది తెచ్చిస్తాను."

"పాత గింజా? నా ఇంట్లోంచి పాత గింజ బయటికి పోతే ఏమనుకుంటారు చెల్లీ? పైడయ్య పాచిది పెట్టాడంటారు."

"ఎవరూ ఏమీ అనరన్నా. పిల్లలకి పాతా కొత్తా తెలీదు."

"పోనీ కొత్తదే ఇద్దామంటే, మా బావ సింహాద్రి మళ్లీ వస్తానని కబురు పెట్టాడు. పైన గుంట పడుతుంది. ఇంకెక్కడైనా చూసుకో తల్లీ."

చూశారా. ఇవ్వడానికి గింజ ఉంది. ఇవ్వకపోవడానికి కారణం ఏమిటి? గుంట. నలుగురు పిల్లల కడుపులో గుంట కనిపించలేదు. గాదె మీద పడబోయే గుంట కనిపించింది.

మూడో సంత తర్వాత గాదె అంచు దాకా నిండింది. పదిహేను కుంచాలు. పైడయ్య దాని చుట్టూ తిరిగి తిరిగి చూసుకున్నాడు. అటుగా పోతున్న ముళ్లపంది తవుడమ్మ ఆగింది. ఆ అడవిలో అందరికీ మామ్మ ఆమె. ముక్కు ఎత్తి గాలి పీల్చింది.

"ఒరే పైడయ్యా, నీ గాదెలోంచి ముక్కిన వాసన వస్తోందిరా. అడుగు తియ్యి."

"నీ గాదెలో ఎప్పుడు చూసినా సగానికి లోపే ఉంటుంది మామ్మా. నువ్వా నాకు చెప్పేది?"

"సగానికి లోపే ఉంటుంది. ఉన్నదంతా తినేదే ఉంటుంది. నీ దాంట్లో ఎంతుందో నీకు తెలుసా?"

"పదిహేను కుంచాలు."

"పోసింది చెబుతున్నావు. తినేది అడుగుతున్నాను."

పైడయ్య నవ్వి లోపలికి పోయాడు.

నిండు గాదె పక్కన కూర్చుని వండేవాళ్ల చెయ్యి కొలత మరిచిపోతుంది. గవరమ్మ చెయ్యి కూడా మరిచిపోయింది. ఆమెనీ నేను వదలను. మూడు ముంతలు పోయాల్సిన చోట నాలుగున్నర పోసింది. మిగిలిన ముద్దలు పొద్దున్నే వాగులో పారేసింది. పిల్లలు సగం తిని లేచినా ఎవరూ ఏమనలేదు. గాదె నిండుగా ఉందిగా.

తవుడమ్మ ఇంట్లో ఇంకో పద్ధతి. రోజూ కొలిచిన గింజ ఎసట్లో పోసే ముందు అందులోంచి ఒక్క పిడికెడు వెనక్కి తీసి మూలనున్న బానలో వేసేది. ఆ పిడికెడు తగ్గినందుకు ఎవరికీ ఆకలి తీరకుండా పోలేదు. కానీ బాన మాత్రం ఏడాది పొడుగునా నిండుతూ వచ్చింది.

పది రోజులకి వాన మొదలైంది. ఆగలేదు. వాగు ఒడ్డు దాటింది. అమావాస్య వచ్చింది, సంత లేదు. సరిగ్గా అదే రోజు గాదెలో పైనున్న తొమ్మిది కుంచాలు అయిపోయాయి.

"భయమేముంది? ఇంకా ఆరు కుంచాలున్నాయి," అన్నాడు పైడయ్య.

గవరమ్మ గాదెలోకి వంగి ముంత ముంచింది. ముంత దిగలేదు. గట్టిగా పొడిచింది. గింజ రాలేదు, గడ్డ వచ్చింది. పచ్చగా బూజు. గడ్డ విరిస్తే లోపల తెల్ల పురుగులు. ఆ వాసనకి పెద్దపిల్ల ముక్కు మూసుకుంది. చిన్నపిల్ల ఆకలి ఆగక ఒక గడ్డ కొరికేసింది. రాత్రంతా కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది.

తెల్లారాక గవరమ్మ పిల్లని ఒళ్లో పెట్టుకుని అడిగింది. గొంతు పెంచలేదు.

"ఏమయ్యా, ఈ గాదె ఎవరి కోసం నింపావు? మా అన్న కోసమా? పిలువు మరి. వచ్చి తినిపొమ్మను."

పైడయ్య బండ దగ్గరికి పోయి రాయి లేపాడు. కింద ఒక్క బుర్రా లేదు. ఉండదని తెలిసీ లేపాడు.

చివరికి తల దించుకుని తవుడమ్మ ఇంటికి పోయాడు. అక్కడ రావులమ్మ పిల్లలు నలుగురూ వరసగా కూర్చుని గంజి తాగుతున్నారు. రావులమ్మ పొయ్యి ఊదుతోంది. మూల బాన మూత తీసి ఉంది.

"మామ్మా, చిన్నదానికి ఒంట్లో బాగాలేదు. రెండు పిడికెళ్లు..."

తవుడమ్మ ముళ్లు ఒక్కసారి లేచాయి.

"ఆ మాట ఆమెనడుగు. ఈ బానలో గింజ ఆమె పిల్లల కోసం తీశాను. వాగు తగ్గేదాకా వాళ్లకి సరిగ్గా సరిపోతుంది. నీ పిల్లలకి పెడితే వీళ్లకి తగ్గుతుంది. ఎవరి కంచంలోంచి తీయాలో నువ్వే చెప్పు. చెప్పరా. నాలుగు కంచాలున్నాయి, చూపించు."

పైడయ్య ఆ నాలుగు కంచాలూ చూశాడు. చెయ్యి లేవలేదు.

రావులమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది.

"నలుగురి దగ్గరా తలా కాస్త తీయి మామ్మా. గంజిలో ఇంకో రెండు ముంతల నీళ్లు పోద్దాం. పిల్లలు పిల్లలే."

తవుడమ్మ గంజి కుండలో రెండు ముంతల నీళ్లు పోసింది. తర్వాత అంది, "ఆమె పెట్టమంది కాబట్టి నీ పిల్లలు ఇక్కడ తింటారు. నువ్వూ నీ పెళ్లామూ తినరు. నీకు గోళ్లున్నాయి. కొండ మీద అడవి దుంపలు తవ్వు, సగం ఇక్కడికి తే. కానీ దానికంటే ముందు నీ గాదె అడుగు పగలగొట్టు. ఆ కుళ్లునంతా పట్టపగలు నడిదారి మీంచి మోసి అవతల పడెయ్యి. నిండుగా ఉన్నప్పుడు అందరికీ చూపించావుగా. ఇదీ చూపించు."

పైడయ్య బంకమట్టి పగలగొట్టాడు. కుంచంతో తోడి మోశాడు. ఒకటి, రెండు, మూడు. వానలో తడుస్తూ అందరూ చూస్తున్నారు. నాలుగు, ఐదు, ఆరు. సరిగ్గా ఆరు కుంచాలు. సరిగ్గా ఒక నెల తిండి. ఆరు బుర్రల తేనె, తేనెటీగల కాట్లు, అన్నీ కలిసి దారి పక్కన నల్లని కుప్పగా పడ్డాయి. కాకి కూడా దిగలేదు.

రావులమ్మ అటుగా దుంపల గంప మోసుకుపోతూ ఆ కుప్ప దగ్గర ఆగింది.

"నేను అడిగిన రోజున ఇది బాగానే ఉండింది అన్నా," అంది.

అంతే అంది. తిట్టలేదు. తిడితే బాగుండేదని పైడయ్యకి అనిపించింది.

పద్దెనిమిది రోజులకి వాగు తగ్గింది. చిన్నపిల్ల కోలుకుంది. పది బుర్రలు మళ్లీ నిండాక సంత వచ్చింది. పైడయ్య తీగ చేతిలో పట్టుకుని ఎనిమిది ముడులూ విప్పాడు. నరసింగు దుకాణం ముందు నుంచే నడిచాడు.

"బావా, రెండుకి మూడు. ఇవాళ ఒక్కరోజే."

పైడయ్య ముడుల్లేని తీగ పైకెత్తి చూపించాడు.

"అయిపోయాయి," అన్నాడు. ఆగకుండా నడిచాడు. ఆ నెల రెండు బుర్రల్లో ఒకటి బండ కిందకి పోయింది. రెండోది రావులమ్మ ఇంటికి పోయింది.

కొన్నాళ్లకి సింహాద్రి మళ్లీ వచ్చాడు. మళ్లీ కాళ్లు కడుక్కోకుండానే గాదెలోకి తల పెట్టాడు.

"ఏం బావా, మళ్లీ గోడలు కనిపిస్తున్నాయే."

"కనిపిస్తాయి బావా. పైన ఏం చూస్తావు? కిందకి వంగు."

పైడయ్య చెక్క బిరడా తీశాడు. శుభ్రమైన గింజ జలజలా చేటలో పడింది. చిన్నపిల్ల దాన్ని మూడు ముంతలు కొలిచింది. మామయ్య ఉన్నాడని ఇంకో ముంత పోసింది. తర్వాత అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి మూల బానలో వేసింది.

"అదెవరికే?" అన్నాడు సింహాద్రి.

"ముసురులో వచ్చేవాళ్లకి మామయ్యా," అంది పిల్ల. "నువ్వు కాళ్లు కడుక్కుని రా. వడ్డిస్తే కంచంలో ఏమీ వదలకూడదు."

నీతి: ఇంటి సరుకు ఇంట్లోవాళ్ల కడుపు చూసి కొనాలి, చూసేవాళ్ల కళ్లు చూసి కాదు, మనం కుళ్లబెట్టిన ప్రతి గింజా ఆకలితో ఉన్న ఒకరి నోటి దగ్గర నుంచి లాక్కున్నదే.