ఊకొట్టే మల్లయ్య

దొడ్లపల్లె దాటి కొండదారి ఎక్కితే, గొర్రెల దొడ్డి నడుమ పైకప్పు లేని గుడి ఒకటి కనిపిస్తుంది. లోపల విగ్రహం ఉండదు. చెవి ఒగ్గినట్టు ఒక పక్కకు ఒరిగిన నల్లటి రాతిగుండు, దానికి పసుపు పూత, భుజాన ఒక సమ్మెట దెబ్బ. ఆయనే ఊకొట్టే మల్లయ్య. ఊకొట్టడమంటే తెలుసు కదా, కథ చెప్పేవారికి 'వింటున్నాం, కానివ్వండి' అని తెలిపే చిన్న శబ్దం. దేవుడికి ఆ పేరెలా వచ్చిందో వినండి.

పూర్వం ఇక్కడ కురువ ఓబులమ్మ అనే వృద్ధురాలు ఉండేది. నోరు తెరిస్తే, కరువుకాలంలో మందను తోలుకుని ఏరు దాటిన కథే. మొదట్లో విన్నారు. రానురాను ఆమె మొదలుపెట్టగానే కోడలు చేట పట్టుకుని లేచిపోయేది. "ముసలిది మళ్ళీ ఏట్లో దిగిందిరా" అని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. మంద అవతలి గట్టు చేరేదాకా విన్నవారు లేరు. చివరికి ఆమె ఈ గుండుకు వీపు ఆనించి గొర్రెలకే చెప్పుకోసాగింది.

ఒకనాడు కథ మధ్యలో వెనకనుంచి "ఊ" అని వినిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. గాలా? గొర్రె దగ్గిందా? మర్నాడూ అంతే. ఇంట్లో చెబితే, వయసు మళ్ళాక చెవుల్లో హోరు మామూలేనన్నారు. నిజమేనేమో అనుకుంది పాపం. తన చెవులను తానే నమ్మలేకపోయింది. అయినా వెళ్ళడం మానలేదు.

ఇలా ఉండగా కొడుకు బీరప్పకు దొడ్డి గోడకు రాళ్ళు కావలసివచ్చాయి. సమ్మెట పట్టుకుని ఈ గుండు దగ్గరికి వచ్చాడు.

"దీన్ని కొట్టొద్దు నాయనా. నా మాట వినేది ఇదొక్కటే" అని దూరంనుంచే కేకేసింది ఓబులమ్మ.

అతను విననట్టే ఒక దెబ్బ వేశాడు. ఓబులమ్మ పడుతూ లేస్తూ వచ్చి గుండుకు ఆనుకుని కూర్చుంది. ఏం చేయాలో తోచక ఆ కథే ఎత్తుకుంది. మంద నడి ఏట్లోకి వచ్చేసరికి "ఊ" అని వినిపించింది.

"నువ్వేనా బీరా, ఊకొట్టింది?" అంది, ముఖం చేటంత చేసుకుని.

"నేను నోరే తెరవలేదుమా."

అతనికీ వినిపించింది మరి. చుట్టూ చూశాడు, గుండును చూశాడు, చాలా కాలానికి తల్లినీ చూశాడు. ఏమీ పాలుపోక సమ్మెట కింద పెట్టి ఎదురుగా కూలబడ్డాడు.

"చెప్పు, ఆమేన ఏమాయ?" అని ఆ తరవాతి కథ అడిగాడు.

ఆమె చెప్పింది. మళ్ళీ "ఊ" వినిపించింది. అది రాతిదో కొడుకుదో ఆమెకు తెలియలేదు. ఈసారి అడగలేదు. ఆనాడు మంద మొత్తం గట్టెక్కింది.

నేటికీ ఇక్కడికి వచ్చేవారు టెంకాయ కన్నా ముందు ఇంటి పెద్దలను తీసుకురావాలి. వారిని గుండుకు ఆనించి కూర్చోబెట్టి, ఏం చెప్పినా, ఎన్నిసార్లు విన్నదైనా, చివరిదాకా ఊకొట్టాలి. అంతవరకు పూజారి హారతి వెలిగించడు. "తెలుసులే" అన్నవారికి తీర్థం లేదు. అలా విన్నవారి ముసలితనంలో వారి మాటకు మల్లయ్యే ఊకొడతాడని ఇక్కడివారి నమ్మకం.

మధ్యలో మీరు కొట్టని ఊ ఒకటి వినిపిస్తే, ఎవరిదా అని తల తిప్పకండి. కథ ఆగిపోతుంది.