కత్తికి కట్టబెట్టిన పిల్ల

అనగనగా ఒక రాజుండేవాడు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు, ఆ ముగ్గురికీ మూడు కత్తులు. కొడుకుల సంగతి తర్వాత చెబుతాను గానీ ముందు కత్తుల సంగతి వినండి, ఎందుకంటే ఆ కాలంలో పెళ్లిళ్లు చేసుకునేది కత్తులే. నవ్వకండర్రా, నిజంగానే. రాజకుమారుడు పిల్ల ఇంటికి వెళ్లడం చిన్నతనమట. అందుకని అతని కత్తికి బాసికం కట్టి, పల్లకిలో పెట్టి పంపేవాళ్లు. పీటల మీద పిల్ల, పిల్ల పక్కన కత్తి. తాళిబొట్టు కత్తికి తాకించి ఎవరో ముత్తయిదువ చేత పిల్ల మెడలో కట్టించేవాళ్లు. "మా తాతల నాటి ఆనవాయితీ" అని పెద్దలు మీసాలు దువ్వుకునేవాళ్లు. దువ్వుకోరూ మరి, పీటల మీద కూర్చునేది వాళ్లు కాదుగా.

పెద్దవాడి పెళ్లి అలాగే అయింది. రెండోవాడి పెళ్లీ అలాగే అయింది. మూడోవాడు సింగన్న. అతని కత్తి నల్లకొండ కోట దొరగారి అమ్మాయి కామసానిని పెళ్లాడటానికి వెళ్లింది. ముహూర్తం వేళకి అసలు పెళ్లికొడుకు ఏం చేస్తున్నాడో తెలుసా? మేడ మీద పావురాలు ఎగరేస్తున్నాడు.

పెళ్లయింది. ముందు పల్లకిలో కత్తి, వెనక పల్లకిలో కామసాని, చుట్టూ భటులు, వెంట పురోహితుడు. అడవి దాటుతుండగా ధూమకేతుడనే మాంత్రికుడు ఆకాశం నుంచి దిగి, ముందు పల్లకిలోంచి కత్తి తీసుకున్నాడు. భటులు వాడి మీదికి ఉరికారు. వాడు బెదరలేదు. పురోహితుణ్ణి పిలిచి తాపీగా అడిగాడు.

"ఏమయ్యా, ఈ పిల్ల ఎవరి పెళ్లాం?"

"ఆ కత్తి పెళ్లాం, స్వామీ."

"కత్తి ఎవరి చేతిలో ఉంది?"

"తమ చేతిలో."

"అయితే పిల్ల ఎవరిది?"

భటులు ఒకరి మొహాలొకరు చూసుకుని పక్కకి తప్పుకున్నారు. అంతమంది మగాళ్లుండి ఒక్కడంటే ఒక్కడు అడ్డు రాలేదు. "నేను వెళ్లను" అని కామసాని పల్లకి కొమ్ము పట్టుకుని అరిచింది. పెళ్లికే అడగనివాళ్లు అప్పుడు మాత్రం ఎందుకు వింటారు? మాంత్రికుడు పల్లకితో సహా ఆమెని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు.

రాజుగారు సభ పెట్టి పెద్దల్ని అడిగారు. "ఆనవాయితీ ప్రకారం వాడు చేసింది తప్పు కాదు ప్రభూ" అన్నారు పెద్దలు. "నా సేనాపతిని పంపిస్తాను" అన్నాడు పెద్దన్న. "నా తలపాగా పంపిస్తాను, చూసి జడుసుకుంటాడు" అన్నాడు రెండో అన్న. "ఎందుకొచ్చిన గొడవ, కొత్త కత్తి చేయించి ఇంకో పిల్లని చూద్దాం" అన్నారు మళ్లీ పెద్దలే. పోయింది చెంబో తప్పేలానో అయినట్టు మాట్లాడుతుంటే ఒళ్లు మండదూ?

సింగన్నకీ మండింది. ముందు వాళ్ల మీద, తర్వాత తన మీద. ఆ పిల్ల మొహం కూడా తను చూడలేదు. తనే వెళ్లి ఉంటే కత్తి ఎవడెత్తుకుపోతే ఏమిటి? "ఆవిణ్ణి ఆవిడ పుట్టింటికి చేర్చేదాకా ఈ కోటలో అన్నం ముట్టను" అని చెప్పి, ఒక్కడే కాలినడకన బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని ఉంది. సింగన్న ఇసకలో కూర్చుని ఓపిగ్గా చిక్కు తీశాడు. "మీ తాత ఈ దారినే పోతూ బంటుని పంపిస్తానన్నాడు. బంటూ రాలేదు, ఎవరూ రాలేదు. నువ్వే వంగావు, ఎక్కు నా వీపు" అంది తాబేలు. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, కల్లు సముద్రం, నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ల సముద్రం దాటారు. పెరుగు సముద్రంలో సింగన్న వేలు పెట్టబోతే తాబేలు కసిరింది. ఆకలి వేస్తుంది కదా పాపం.

అవతలి ఒడ్డున ఊరంతా రాళ్లే. మగ్గం ముందు కుమ్మరి కొడుకు రాయైపోయి ఉన్నాడు. గుర్రం మీద కాపు పిల్ల రాయైపోయి ఉంది. తంబుర పట్టుకుని ఒక చాకలి రాయైపోయి ఉన్నాడు. బతికున్నవాళ్లు తలెత్తకుండా పని చేసుకుంటున్నారు.

దారిలో ఒక గాడిద మూటల కింద కూలబడి ఉంది. సింగన్న ఆ మూటలు తన భుజానికెత్తుకున్నాడు. వెంటనే అతని పాదాలు రాయైపోయాయి. "అయ్యో, చెప్పేలోగానే ఎత్తావే" అంది గాడిద. "ఇక్కడ తాత చెయ్యని పని మనవడు చేస్తే రాయైపోతాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. కోట బురుజు మీది పంజరంలో కూర్చుని ఆ చిలక రోజూ 'తాత చేసిందే చెయ్యి' అని అరుస్తుంది. ఆ అరుపే వాడి బలం" అని సింగన్నని వీపు మీద ఎక్కించుకుని బురుజు కిందికి చేర్చింది.

అక్కడ ఒక ఎలుక ఖాళీ తిరగలి చుట్టూ తిరుగుతోంది. ఆ ఇంటి ముసలమ్మ ఎప్పుడో రాయైపోయిందట, విసిరే దిక్కు లేదట. సింగన్న తిరగలి పట్టుకుని నాలుగు గుప్పిళ్ల జొన్నలు విసిరి పెట్టాడు. నడుం దాకా రాయైపోయాడు. ఎలుక పిండి తిని, "ఇంక నువ్వు కదలలేవు. నీ బదులు నేను ఎక్కుతాను" అని బురుజు గోడ పట్టుకుని పైకి పాకింది.

పైన కామసాని ఉంది. మాంత్రికుడు ఆమెకి అప్పగించిన పని చిలకకి పండు పెట్టడం. పంజరమేమో ఆమెకి అందనంత ఎత్తున తాడుకి వేలాడుతోంది, గడకర్రతో పండు అందించాలి. చేతికి అందకపోతేనేం, మాట అందుతుందిగా. వచ్చిన రోజు నుంచీ ఆ చిలకకి కొత్త మాట నేర్పుతూనే ఉంది. ఎలుక తాడు కొరికింది, పంజరం బురుజు కింద సింగన్న ముందే పడి పగిలింది, అతను రెండు చేతులా చిలకని పట్టుకున్నాడు.

మాంత్రికుడు రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "దాని మెడ నులిమావో, నీ తల కూడా రాయే. మీ తాత చిలకని చంపాడా?"

సింగన్న చేతులు ఆగిపోయాయి. కామసాని పైనుంచి తొంగి చూసి, "చంపక్కర్లేదయ్యా, వదిలెయ్యి. దానికి నేను మాట నేర్పాను" అంది.

అతను వదిలేశాడు. చిలక ఊరి మీదికి ఎగిరిపోయి, "మీకిష్టమైన పని చేసుకోండి, మీకిష్టమైన పని చేసుకోండి" అని అరిచింది. పాత మాట ఆగిపోయేసరికి మాంత్రికుడు గాలి పోయిన తోలుతిత్తిలా చతికిలబడి చచ్చాడు. రాళ్లన్నీ మనుషులయ్యాయి, సింగన్న కాళ్లూ మామూలయ్యాయి. కుమ్మరి కొడుకు మగ్గం ఆడించాడు, కాపు పిల్ల గుర్రాన్ని అదిలించింది, చాకలి తంబుర మీటాడు. కామసాని కత్తి చంకన పెట్టుకుని దిగి వచ్చింది. ఇద్దరూ తాబేలు మీద ఏడు సముద్రాలూ దాటారు.

ఇక్కడితో కథ అయిపోవాలి కదా? అవనిస్తేనా. నల్లకొండకి పోవాలంటే రాజుగారి ఊరు దాటాలి. అక్కడ పెద్దలు వాళ్లని సభకి పిలిపించి ఏమన్నారో తెలుసా? "కత్తి పట్టిన మాంత్రికుడు చచ్చాడు. కాబట్టి ఈ పిల్ల విధవ. గాజులు తీయించి మూల కూర్చోబెట్టండి." సముద్రాలు దాటి, ప్రాణాలు దక్కించుకుని వచ్చిన పిల్లని పట్టుకుని అన్న మాట ఇది. సింగన్న కోపంతో లేచాడు. కామసాని అతన్ని ఆపింది.

"ఉండండి. ఇది నా గొడవ" అని వంటింట్లోంచి విస్తరి తెప్పించింది. సభ మధ్యలో పీట వేసి దాని మీద కత్తిని పెట్టింది. అన్నం, పప్పు, నెయ్యి వడ్డించింది. "లేచి భోంచెయ్యండి" అంది కత్తితో. సభంతా చూస్తోంది. "అత్తగారూ, మీ అబ్బాయి అన్నం ముట్టడం లేదండీ" అంది రాణిగారితో.

తెర వెనక పెద్ద కోడలు కిసుక్కున నవ్వింది. తర్వాత రెండో కోడలు నవ్వింది. వాళ్లూ కత్తుల్ని కట్టుకున్నవాళ్లేగా, ఎన్నేళ్ల నుంచి ఆపుకున్న నవ్వో అది.

కామసాని పెద్దల వైపు తిరిగింది. "ఇది అన్నం తినదు. నాతో మాట్లాడదు. నేనేడిస్తే ఎందుకని అడగదు. ఇది నాకు మొగుడు కానప్పుడు, దీన్ని ఎత్తుకుపోయిన దొంగ ఎలా అయ్యాడు? ఎవరికీ పెళ్లాన్ని కానిదాన్ని మీరు విధవని ఎలా చేస్తారు?"

రాజుగారు విస్తరి వంక చూసి, "అమ్మాయి చెప్పింది న్యాయం. ఇకనుంచి మన ఇంట కత్తులకి పెళ్లిళ్లు లేవు" అన్నారు.

సింగన్న అన్న మాట ప్రకారం ఆమెని నల్లకొండలో పుట్టింటికి చేర్చాడు. మర్నాడు అదే గుమ్మం ముందు నిలబడి, "నన్ను చేసుకుంటావా?" అని అడిగాడు.

"మొదటిసారే ఎందుకు రాలేదు?" అంది కామసాని.

"రావాలని తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. నాదే తప్పు."

"ఆలోచించి చెబుతాను" అంది. అతను అరుగు మీద కూర్చుని ఎదురుచూశాడు. చూడనీ, ఆమె అంతకన్నా ఎక్కువే చూసింది. చివరికి ఆమె నవ్వుతూ సరేనంది. మంగళవాద్యాలు మోగుతుండగా సింగన్నే పీటల మీద కూర్చుని, తన చేత్తో తాళి కట్టాడు.

రాజుగారు వాళ్లకే పట్టం కట్టారు. వాళ్ల ఏలుబడిలో పని వచ్చినవాడిదే పని, తాత పేరు అడిగే పని లేదు. కాపు బిడ్డ కోటకి అధిపతి అయింది, చాకలి బిడ్డ సభలో పాడాడు. తల పండిపోయేదాకా ఇద్దరూ చల్లగా ఏలారు.

మరి ఆ పెద్దలు? ఆ పెళ్లికి అందరికన్నా ముందొచ్చి, అందరికన్నా ఎక్కువ బూరెలు తిన్నారు. కొన్నాళ్లకి మనవల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏం చెప్పేవాళ్లో తెలుసా? "పెళ్లికొడుకు స్వయంగా వెళ్లి పిల్లని అడగాలిరా. మా తాతల నాటి నుంచీ ఇదే మన ఆనవాయితీ."